షల్ కొట్టేసి షుడ్ రాసిన చెయ్యి

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటా తెచ్చుకునే భోజనం. వచ్చినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ పిల్లలే. గుత్తివంకాయ కూర వడ్డించుకుంటూ ఒకమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. "రిక్వైర్‌మెంట్‌లో షల్ అని ఉంటే ఏంటి, షుడ్ అని ఉంటే ఏంటి? రెండూ సేమే కదా. నువ్వు అప్రూవ్ చేసెయ్" అంది. నా చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

"అమ్మాయ్, అప్రూవ్ చెయ్యొద్దని చెప్పి ముందు ఆ ఫోన్ పెట్టెయ్" అన్నాను.

"ఏంటాంటీ, ఏమైంది?"

"నీకేమీ కాలేదు. నాకు అయింది, నలభై ఏళ్ళ కిందట. నీకు కాకుండా చెప్తున్నాను."

పాపం, బుద్ధిగా పెట్టేసింది. కానీ ఆ గోలలో నేను సగమే చెప్పగలిగాను. సగం కథ విని పిల్లలంతా "ఆంటీ భలే కరెక్ట్ చేశారు" అని మెచ్చుకుని వెళ్ళారు. మిగతా సగం వింటేగానీ తెలీదు, కరెక్ట్ చెయ్యడమే నేను చేసిన తప్పని. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. నా పేరు మీకు అక్కర్లేదు, ఎలాగూ ఆంటీ అనే పిలుస్తారు.

డెబ్బైల చివర్లో మేము ఒహాయోలో ఉండేవాళ్ళం. మావారు టైర్ల ఫ్యాక్టరీలో కెమిస్టు. నేను అంతకు ముందు ఏలూరులో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ఎమ్మే చదివాను. నా ఎర్ర పెన్సిలంటే ఆ బళ్ళో పిల్లలకే కాదు, తోటి టీచర్లకీ భయమే. వ్యాసంలో ఒకే మాట ఒకే పేరాలో రెండోసారి కనబడితే సున్నా చుట్టి, పైన వేరే మాట రాసేదాన్ని. "నీకు ఇంగ్లీషులో ఈ ఒక్క మాటే వచ్చా?" అని అడిగేదాన్ని. అంత పొగరు. ఆ పొగరు విమానంలో నాతోబాటే వచ్చింది.

ఇక్కడ టీచరు ఉద్యోగానికి వాళ్ళ సర్టిఫికెట్లు కావాలన్నారు. పాపకు నాలుగేళ్ళు. బస్సుకు అందే దూరంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో టైపిస్టు కావాలని పేపర్లో చూసి వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసిన ఆఫీస్ మేనేజరు నేను కొట్టిన పేజీ చూసి, "ఇంత మంచి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. "నేర్పిన చోటే" అన్నాను. ఆవిడకి అర్థమైందో లేదో గానీ ఉద్యోగం ఇచ్చింది.

ఆ ఆఫీసు చిన్న చిన్న ఊళ్ళకి మంచినీళ్ళ ట్యాంకులు, పైపులైన్లు డిజైన్ చేసేది. కట్టడం మాత్రం వేరే కాంట్రాక్టర్ల పని. ఆ కట్టేవాళ్ళకి ఇక్కడినుంచి రెండు వెళ్ళేవి. ఒకటి డ్రాయింగులు. రెండోది ఒక లావుపాటి పుస్తకం. ఇనుము ఎంత మందం ఉండాలి, అతుకులు ఎలా వెయ్యాలి, రంగు ఎన్ని పూతలు పూయాలి, ఇవన్నీ వాక్యాల్లో రాసి ఉండేవి. దాన్ని స్పెక్ అనేవాళ్ళు. అది కేవలం వివరం కాదు, ఒప్పందం. రేపు తగాదా వస్తే అందులో ఉన్న మాటే మాట. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. నా దృష్టిలో అది ఒక వ్యాసం, అదీ పేలవంగా రాసిన వ్యాసం.

ఆ పుస్తకంలో మొదటి పన్నెండు పేజీలు అన్ని పనులకీ ఒకటే. అప్పట్లో మా దగ్గర ఒక టైపు మిషను ఉండేది, దానికి ఒక కార్డు తినిపిస్తే ఎప్పుడో కొట్టిన పేజీని తనంతట తనే టకటకా మళ్ళీ కొట్టేది. ఆ పన్నెండు పేజీలూ కార్డుల మీద ఉండేవి. నేను కార్డు పెట్టి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళేదాన్ని. ఏడాదిపాటు ఆ పన్నెండు పేజీలు ఒక్కసారి కూడా చదవలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మిగతా పేజీలు మా పెద్ద ఇంజనీరు చేత్తో రాసిచ్చేవాడు. ఆయనకి అప్పటికి అరవై నాలుగు. ప్యాంటుకి బెల్టు బదులు భుజాల మీంచి పట్టీలు వేసుకునేవాడు. నేను మనసులో పెద్దాయన అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. నా ఇంటిపేరు పలకడం ఆ ఆఫీసులో ఎవరికీ చేతకాలేదు. ఆయన ఒక్కడే మొదటిరోజు చీటీ మీద రాయించుకుని, విడగొట్టి నేర్చుకుని, మిసెస్ అని కలిపి పలికేవాడు. ఆ పలకడంలో మా ఇంటిపేరు కాస్త నలిగేది, అయినా నాకు సంతోషంగానే ఉండేది.

ఆయన పసుపు రంగు ప్యాడ్ మీద పెన్సిలుతో రాసేవాడు. అక్షరం ముత్యం. భాషే, నా ప్రాణానికి, పిండిమరలా ఉండేది. కాంట్రాక్టర్ షల్ ఇది చెయ్యి, కాంట్రాక్టర్ షల్ అది చెయ్యి. ఒక పేజీలో లెక్కపెట్టాను, పంతొమ్మిది షల్‌లు. ఏలూరులో ఏ పిల్లయినా అలా రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని. కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒకరోజు చెయ్యి ఆగలేదు. ఎర్ర పెన్సిలు తీసి ఒకటి విడిచి ఒకటి షల్‌ని కొట్టేసి పైన షుడ్ అని రాశాను. చదివితే ఎంత హాయిగా ఉందో. ఆ దిద్దిన కాగితం పక్కన పెట్టుకుని అలాగే టైపు చేశాను. "నీ పేజీలు చదవడానికి బావుంటాయి" అని మేనేజరు మెచ్చుకుంది కూడా. ఇంక నన్ను పట్టేదెవరు? మూడు పుస్తకాలు అలా సింగారించాను.

మరి ఎవరూ చూడలేదా అంటారు. చూసే పద్ధతి ఉంది. టైపు అయ్యాక ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు చేతిరాత పైకి చదవాలి, ఇంకొకరు టైపు కాగితం చూస్తూ తప్పుంటే ఆపాలి. పెద్దాయన తన రాత తీసుకుని చదివేవాడు. నా ఎర్ర గీతలు చూస్తాడని నేను ముందే ఆ కాగితాలు దాచి, శుభ్రమైన జిరాక్సు కాపీ చేతికిచ్చేదాన్ని. దిద్దక ముందే తీసిపెట్టుకున్న కాపీ. ఆయన షల్ అని గట్టిగా చదివేవాడు. నా చేతిలో కాగితం మీద షుడ్ అని ఉండేది. నేను అంకెలు మాత్రం సరిచూసి, "సరిగ్గా ఉందండి" అనేదాన్ని. అబద్ధమాడుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. మంచి ఇంగ్లీషు చేసి పెడుతున్నాను, ఈయన కంటికి ఆనదు, అంతే అనుకున్నాను.

సరిచూశాక ఆ జిరాక్సు చెత్తబుట్టలోకి వెళ్ళేది. ఎర్ర గీతలున్న అసలు కాగితాలు మాత్రం నేను ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. దాచాలని కాదు. వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారెయ్యాలంటే మనవాళ్ళకి ప్రాణం ఒప్పదు కదా. వంటింటి డ్రాయర్లో పెట్టి, కూరగాయల లిస్టులకి, పాప బొమ్మలకి వాడేవాళ్ళం. ఆఫీసులో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు.

ఆ ఏడు అక్టోబరులో ఒక బుధవారం. నలభై మైళ్ళ దూరంలో ఒక ఊరికి ఎత్తైన ఇనప ట్యాంకు కడుతున్నారు. ఆ కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు విప్పేది నేనే. అందులో ఉన్నదిది. ట్యాంకు లోపల రంగు వేసేముందు నీళ్ళతో నిండా నింపి, ఒక రోజంతా ఉంచి, అతుకులు చూడాలని పుస్తకంలో ఫలానా పేజీలో షుడ్ అని రాశారు. మీ పుస్తకం మొదటి భాగంలోనే షల్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సలహా అని చెప్పారు. మీ సలహా విన్నాం. చలి ముంచుకొస్తోంది, చలిలో రంగు పట్టదు. కాబట్టి నీళ్ళు నింపకుండా శుక్రవారం రంగు మొదలుపెడుతున్నాం.

కార్డుల పెట్టె తెరిచి ఆ పన్నెండు పేజీలు చదివాను. నాలుగో పేజీలో ఉంది. షల్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే సలహా. నా చేతుల మీదుగా ఎన్నో పుస్తకాల్లోకి వెళ్ళిన పేజీ అది. అమెరికా వాళ్ళు ఇలా మాటకి అర్థం ముందే రాసిపెట్టి, దాని మీద ఇనుము నిలబెడతారని నాకు అప్పటిదాకా తెలీదు.

ఉత్తరం పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, పుస్తకం తీసి ఆ పేజీ చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"షుడ్ అని రాశానా?" అన్నాడు, నాతో కాదు, పుస్తకంతో. "ముప్ఫై ఏళ్ళుగా ట్యాంకులు రాస్తున్నాను. నీళ్ళ పరీక్షకి షుడ్ అని ఎప్పుడూ రాయలేదు."

నేను నోరు తెరవబోయాను. అంతలో ఆయన తలెత్తి అన్న మాట వింటే, తెరవబోయిన నోరు మూతపడింది.

"మా నాన్న నా వయసులో ఒకరోజు మంగలి షాపు నుంచి ఇంటికి దారి మర్చిపోయాడు. అక్కడ మొదలైంది. చివరికి మా అమ్మ ఎవరో కూడా తెలియలేదు. ఈ మధ్య మా ఆవిడ నా లంచ్ డబ్బాలో చీటీలు పెడుతోంది, ఇది చెయ్యి, అది మర్చిపోకు అని. నేను నవ్వేసేవాణ్ణి." ఆయన పుస్తకం మూసేశాడు. "నవ్వాల్సిన పని కాదు."

అని డ్రాయరు లోంచి చిన్న తోలు పెట్టె తీశాడు. అమెరికాలో లైసెన్సు ఉన్న ఇంజనీరుకి సొంత ముద్ర ఉంటుంది. కాగితం మీద నొక్కితే గుండ్రంగా పేరు ఉబ్బుతుంది. ఆ ముద్ర పడితేనే డిజైనుకి విలువ. ఆ పెట్టె కోటు జేబులో వేసుకుంటూ, "రేపు సైటులో మీటింగ్ ఉంది. అయ్యాక ఇది మన యజమానికి ఇచ్చేస్తాను. తను ఏం రాశాడో తెలియని మనిషి చేతిలో ఇది ఉండకూడదు" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. కాగితం చూస్తేగానీ నమ్మకం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు, పరువు. ఎమ్మే ఇంగ్లీషు చదివిన దాన్ని, షుడ్ అంటే ఏమిటో తెలియలేదని నా నోటితో చెప్పుకోవడానికి నోరు రాలేదు.

ఐదింటికి బస్సు దిగి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి డ్రాయర్లు తిరగేశాను. మావారు పాపకి అన్నం పెడుతున్నారు.

"ఏమోయ్, వస్తూనే వెతుకుతున్నావ్, ఏం పోయింది?"

"నా పరువు పోయిందండీ."

"అది ఆ డ్రాయర్లో ఉండదే. పై షెల్ఫులో చూడు" అన్నారు. తర్వాత నా మొహం చూసి కంచం పక్కన పెట్టి లేచారు.

కాగితం దొరికింది. ఆయన ముత్యాల్లాంటి రాతలో కాంట్రాక్టర్ షల్ ఫిల్ ద ట్యాంక్ అని ఉంది. షల్ చుట్టూ నా ఎర్ర సున్నా, పైన షుడ్, నా అక్షరాలే. వెనక్కి తిప్పితే మా పాప గీసిన ఊదా రంగు ఏనుగు. మావారికి అంతా చెప్పాను. ఆయన కాగితం రెండువైపులా చూశారు.

"ఇది ఎవరన్నా చూశారా?"

"లేదు."

"అయితే నువ్వు చెప్తే తప్ప ఎవరికీ తెలీదు. జాబ్ కూడా సేఫ్."

"ఆయనకీ తెలీదు కదండీ. మతి పోతోందనుకుంటున్నారు. వాళ్ళ నాన్నకి వచ్చిందే తనకీ వచ్చిందనుకుంటున్నారు. అది నేను పెట్టిన జబ్బు."

మావారు పాప మూతి తుడిచి వచ్చి, "జాబ్ పోతే ఇంకోటి అప్లై చేద్దువు గాని. పొద్దున్నే ఆయన్ని పక్కకి పిలిచి చెప్పెయ్. అందరి ముందూ అయితే కష్టం" అన్నారు. కాగితాన్ని బ్యాగులో పెడుతుంటే పాప పరిగెత్తుకొచ్చింది.

"మమ్మీ, అది నా ఎలిఫెంట్. ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"ఆఫీస్‌కి. రేపు మళ్ళీ తెచ్చేస్తాను."

"ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాను.

పొద్దున్నే ఆఫీసుకి వెళితే పెద్దాయన లేడు. ఇంటి నుంచే సైటుకి వెళ్ళిపోయాడట. మీటింగులో ఎవరేమన్నారో రాసుకోవడం నా పని, అందుకని యజమాని తన కార్లో నన్ను తీసుకెళ్ళాడు. ఉత్తరం ఆయనా చదివాడు, దారి పొడుగునా పెద్దాయన గురించే బాధపడ్డాడు. మంచి మనిషి, వయసు మీద పడింది, గౌరవంగా పంపించాలి అన్నాడు. నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

సైటులో ఒక ట్రెయిలరే ఆఫీసు. బల్ల చుట్టూ ఏడుగురు మగవాళ్ళు. ఆ ఊరి మేయరు, నీళ్ళ విభాగం చూసే మనిషి, కాంట్రాక్టరు తరఫున పని చేయించే సూపరింటెండెంటు, అతని ఇద్దరు మనుషులు, మా యజమాని, పెద్దాయన. కోటు మీద ఉన్న ఒకే ఒక్క చీర నాది. సరిగా చెప్పాలంటే చీర మీద కోటు. పెద్దాయనని పక్కకి పిలుద్దామని చూశాను. అప్పటికే తలుపు వేసి మొదలుపెట్టేశారు. ఆయన ముందు బల్ల మీద ఆ తోలు పెట్టె ఉంది.

సూపరింటెండెంటు ఎత్తు మనిషి, గొంతు మెత్తన. దుర్మార్గుడేమీ కాదు. పుస్తకం తెరిచి, "నేను పుస్తకం ప్రకారం కడతాను. పుస్తకం షుడ్ అంది. నింపాలంటే రెండు రోజులు, ఉంచడానికి ఒక రోజు, ఖాళీ చేసి ఆరబెట్టడానికి ఇంకో రెండు. ఈ లోపల చలి వస్తే వసంతం దాకా రంగు లేదు, ఈ ఊరికి నీళ్ళూ లేవు" అన్నాడు.

"నింపకుండా రంగేస్తే, కంతలు రంగు కింద దాక్కుంటాయి. జనవరిలో నీళ్ళు కారి గడ్డకట్టి అతుకు చీలుతుంది" అన్నాడు నీళ్ళ విభాగం మనిషి.

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన చెయ్యి పెట్టె మీద ఉంది. "పుస్తకంలో ఉన్నది నా తప్పు. అలా ఎందుకు రాశానో నాకు గుర్తు లేదు. అందుకని..." అని ఆ పెట్టెను మా యజమాని వైపు జరపబోయాడు.

నేను లేచి నుంచున్నాను. లేచాక ఇంక కూర్చోవడానికి వీల్లేదు కదా.

"ఆయన అలా రాయలేదు. నేను మార్చాను" అన్నాను.

మా యజమాని నా నోట్సు వైపు చూశాడు, ఏదో తప్పు రాసుకున్నానేమోనని. నేను బ్యాగులోంచి కాగితం తీసి పెద్దాయన ముందు పెట్టాను. "ఆయన షల్ రాశారు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోందని నేను షుడ్ చేశాను. మా దేశంలో నేను ఇంగ్లీషు టీచర్ని. రెండిటికీ తేడా ఉందని తెలియలేదు. సరిచూసినప్పుడు ఆయన షల్ అనే చదివారు, నేను విని కూడా ఊరుకున్నాను. ఆయన జ్ఞాపకానికి ఏ లోపమూ లేదు. ఈ తప్పులో ఆయన పాలు ఇంత కూడా లేదు."

పెద్దాయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ట్యాంకు గురించి అడుగుతాడనుకున్నాను.

"నేను షల్ అని రాశాను" అన్నాడు.

"అవునండి."

"ఇది నా చేతిరాతే."

"మీదే."

ఇంకోసారి చదువుకున్నాడు. కాగితం వెనక్కి తిప్పి, ఏనుగును చూసి, మళ్ళీ ఇటు తిప్పాడు. తర్వాత ఆ తోలు పెట్టెను నెమ్మదిగా వెనక్కి లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడానికేముంది.

సూపరింటెండెంటు పుస్తకం మీద వేలు పెట్టాడు. "మీరన్నది సరే. కానీ నేను సంతకం పెట్టిన పుస్తకంలో షుడ్ అనే ఉంది. చెత్తకాగితాలు ఒప్పందం కాదు."

"కాదు" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు మారింది, ఆ ఉత్తరం రాకముందటి గొంతు వచ్చేసింది. "నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. ఇన్నేళ్ళలో ఎన్ని ట్యాంకులు నిలబెట్టావో నీకే తెలుసు. వాటిలో నింపి చూడకుండా రంగేసినది ఒక్కటుందా?"

అతను పుస్తకం అంచు గోటితో గీరుతూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇది మీరు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదు."

"మీ ఉద్యోగం పోవచ్చు."

"పోవచ్చు."

అతను పుస్తకం మూసి లేచి, టోపీ పెట్టుకున్నాడు. "మేయరు గారూ, మధ్యాహ్నం మీ పంపులు తిప్పించండి. నింపుతాను. పుస్తకం చెప్పిందని కాదు, పుస్తకం నాకు వదిలేసింది కాబట్టి నేనే చెప్తున్నాను" అని బయటికి వెళ్ళిపోయాడు.

శనివారానికి ట్యాంకు నిండింది. ఆదివారం మధ్యాహ్నం దక్షిణం వైపు కింది అతుకు దగ్గర బొటనవేలంత తడి మరక కనబడింది. ఖాళీ చేసి, అక్కడ మళ్ళీ అతికి, మళ్ళీ నింపి చూసి, రంగు వేశారు. చలి ఆ ఏడు కాస్త ఆలస్యంగా వచ్చి మా మొహాలు నిలబెట్టింది. ఆ ట్యాంకు నేను రిటైరయ్యేదాకా ఒక్క చుక్క కారలేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కారాపి చూసేదాన్ని.

నా సంగతి మాత్రం సోమవారం తేలింది. యజమాని నన్ను పిలిచి, నిజం చెప్పినందుకు థాంక్స్, కానీ ఉంచుకోలేను అన్నాడు. ఆయన తప్పన్నది ఏమీ లేదు. నేను సింగారించిన మిగతా రెండు పుస్తకాలు అప్పటికే బయటికి తీసి, శుక్రవారం కూర్చుని మాట మాటా వెనక్కి మార్చి, ఆయన బల్ల మీద పెట్టాను. అవింకా ఎవరి చేతికీ వెళ్ళకపోవడం నా అదృష్టం. సంచీ సర్దుకుంటుంటే పెద్దాయన యజమాని గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది.

"ఈ ఆఫీసులో అంకెలు చదివేవాళ్ళం పదిమందిమి ఉన్నాం. మాటలు చదివే మనిషి ఈవిడ ఒక్కతే. తప్పుగా చదివింది, నిజమే. మనం చదవనే లేదు. ఆవిణ్ణి పంపిస్తే నన్నూ పంపించు" అన్నాడు. సంచీ అక్కడే దించేశాను.

మర్నాటి నుంచి రోజూ లంచ్ తర్వాత అరగంట ఆయన నాకు పాఠం చెప్పాడు. ఏడాది పొడుగునా. ఎర్ర పెన్సిలు పట్టుకున్న టీచరమ్మ, నోట్సు రాసుకునే పిల్ల అయింది. షల్ అంటే కట్టేవాడి మీద బరువు. విల్ అంటే ఊరివాళ్ళు తాము చేస్తామని చెప్పే పని. మే అంటే వాడి ఇష్టం. షుడ్ అంటే, ఆయన మాటల్లో, "చెప్పాలని ఉంది కానీ చెప్పే ధైర్యం లేనప్పుడు రాసేది. ధైర్యం లేకపోతే అసలు రాయకు." ఆ తర్వాత నా పేజీల్లో షుడ్ కనబడలేదు. ఆయన వెళ్ళిపోయేటప్పటికి పుస్తకాలు నేనే రాస్తున్నాను. ఎనభైల మధ్యకొచ్చేసరికి ఆ ఆఫీసు నుంచి ఏ స్పెక్ బయటికి వెళ్ళాలన్నా నా సంతకం కావాలి. కొత్త ఇంజనీర్లు చేరితే ముందు నా గదికి పంపేవారు. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు నా ముందు కూర్చుని షల్ దిద్దించుకునేవాళ్ళు. ఎందుకు అబద్ధం, గర్వంగానే ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఒక్క మాట మాత్రం నిలబెట్టుకోలేదు. ఆ గురువారం మీటింగు అయ్యాక కాగితం తిరిగి అడిగాను, పాపకి ప్రామిస్ చేశానని చెప్పాను. పెద్దాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "ఇది మా ఆవిడకి చూపించాలి" అన్నాడు. ఎందుకో నాకు అర్థమైంది, ఇంక అడగలేదు. పాప వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయన రిటైరయ్యాక ఓసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. అప్పటికి పాపకి పదేళ్ళు. పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నాడు, మతి దివ్యంగా ఉంది, మా ఇంటిపేరు అలాగే నలుపుతున్నాడు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద, మనవల ఫోటోల మధ్య, ఆ పసుపు కాగితం అయస్కాంతంతో అంటించి ఉంది. నాలుగు మడతలూ పడిన చోట అరిగిపోయి ఉంది. తన బుర్ర బాగానే ఉందని రోజూ చూసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. మా పాప దగ్గరికెళ్ళి అంచు ఎత్తి చూసి, "మమ్మీ, నా ఎలిఫెంట్" అంది. అయస్కాంతం తీసి కాగితం తిప్పి, ఏనుగు కనబడేలా పెట్టింది.

పెద్దాయన లేచి వచ్చి ఏనుగును కాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత కాగితాన్ని మళ్ళీ మునుపటిలా తిప్పి పెట్టాడు. పాప చిన్నబుచ్చుకుంది.

"ఏనుగు చాలా బావుంది. కానీ మా మనవలు వచ్చినప్పుడు నేను చూపించేది ఇటువైపే" అన్నాడు ఆయన.

"మీరు రాసింది కాబట్టా?" అంది పాప.

"నేను రాసింది కాదమ్మా. నాలా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు." ఆయన వేలు పెట్టి ఎర్ర సున్నా చూపించాడు. "ఇది మీ అమ్మ గీసింది. గియ్యకూడదు, గీసింది. ఎవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. అయినా ఏడుగురు మగవాళ్ళ ముందు లేచి నుంచుని, ఇది నాదే అని చెప్పింది. అందుకే ఇది ఇక్కడ ఉంది."

పాప కళ్ళింత చేసుకుని, మెచ్చుకోలుగా నా వైపు చూసింది. ఏలూరులో, ఒహాయోలో కలిపి ఎన్ని వేల పేజీలు దిద్దానో నాకే తెలీదు. ఎంతమంది చేత శభాష్ అనిపించుకున్నానో కూడా మర్చిపోయాను. నా పిల్ల నన్ను అలా చూసింది మాత్రం, నేను తప్పుగా దిద్దిన ఆ ఒక్క కాగితం ముందే.